మధ్య రీలు చూసి చెప్పిన సాక్ష్యం

నాకు చదువు రాదు. సంతకం వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుంటాను, అంతే. అందుకని నేను చెప్తుంటే మా మనవరాలు రాస్తోంది. నా గొంతు బొంగురు గొంతు. చిన్నప్పుడు మా నాన్న మగ్గం గుంటలోంచి పిలిస్తే వీధి చివర కండెలు చుట్టుకుంటూ అక్కణ్ణించే పలికేదాన్ని. "నాయనమ్మా, నెమ్మదిగా చెప్పు, పక్క వాటా వాళ్ళకి వినపడుతోంది" అంటోంది ఇది. వినపడనీ. వినపడాలనే చెప్తున్నా.

మా ఆయన విజయవాడ వన్ టౌన్‌లో ఒక సినిమా హాల్లో ఆపరేటరు. అంటే పైన చీకటి గదిలో మిషను పక్కన నిలబడి బొమ్మ వేసే మనిషి. ఆయన పోయి నాలుగేళ్ళయింది. హాలు ఆయనకంటే ముందే పోయింది, ఇప్పుడక్కడ ప్లాస్టిక్ సామాను గోడౌను. పెళ్ళయిన కొత్తలో నేను రోజూ పన్నెండింటికి క్యారియర్ పట్టుకెళ్ళేదాన్ని. ఆ టైముకి మార్నింగ్ షో నడుస్తుండేది. మార్నింగ్ షోకి ఆ హాల్లో పైదేశాల సినిమాలే వేసేవాళ్ళు, అందులోనూ హత్యలు, దొంగతనాలు, డిటెక్టివులు. ఏ దేశానివో నాకేం తెలుసు? తెల్లవాళ్ళు కోట్లేసుకుంటే ఇంగ్లీషు, కత్తులు తిప్పితే జపాను. నా లెక్క అంతే.

మిషను గదికి గోడలో రెండు కంతలు ఉండేవి. ఒకదాన్లోంచి వెలుతురు తెర మీదికి పోయేది. రెండోది అద్దం బిగించిన చిన్న కంత, బొమ్మ సరిగ్గా పడుతోందో లేదో ఆయన చూసుకోడానికి. ఆయన స్టూలు మీద కూర్చుని అన్నం కలుపుకుంటుంటే నేను ఆ కంతకి ముక్కు ఆనించి నిలబడేదాన్ని. మిషను రొద తప్ప మాట వినపడదు. వినపడినా అర్థం కాదు. పన్నెండున్నరకల్లా దిగిపోవాలి, ఒంటిగంటకి మా కాంపౌండులో కుళాయి వచ్చేది, బిందె వరసలో లేకపోతే ఆ రోజుకి నీళ్ళు లేవు. అందుకని నేను చూసిన సినిమాలు వందలు, దేనికీ మొదలు తెలీదు, చివర తెలీదు. అన్నీ మధ్య రీలే.

"ఎవరండీ చంపింది?" అనేదాన్ని గిన్నెలు సర్దుకుంటూ.

"టిక్కెట్టు కొనుక్కుని చూడు."

"పెళ్ళాం దగ్గర కూడా టిక్కెట్టేనా?"

"పెళ్ళాం కాబట్టే లోపలికి రానిచ్చా. బయట బోర్డుంది చూళ్ళేదా, ఇతరులు రారాదని?"

"నాకు చదువొస్తే గదా."

నవ్వేవాడు. చివర ఏమైందో మాత్రం చచ్చినా చెప్పేవాడు కాదు. నేనూ తగ్గేదాన్ని కాదు. మెట్లు దిగుతూ తీర్పు చెప్పేసేదాన్ని. "ఆ పొడుగు ముక్కువాడే. వాడి చూపు బాగాలేదు." "ఆ ముసిలావిడే. చేతులు రెండుసార్లు తుడుచుకుంది." ఆయన పై నుంచి కేకేసేవాడు: "మధ్య రీలు చూసి ఉరేసేట్టున్నావే!"

చిన్నప్పుడు మా ఊరి టూరింగ్ టాకీసులో చూసిన తెలుగు క్రైము సినిమాల్లో ఈ బాధ లేదు. దొంగ అంటే గళ్ళ బనీను, మెడకి రుమాలు, బుగ్గ మీద గాటు. వాడు తెర మీదికి రాగానే మా అమ్మ కొంగు ముడి తడుముకునేది, వాడొచ్చి లాక్కుంటాడేమోనని. పైదేశాల సినిమాల్లో అట్టా కాదు. దొరా దొంగా ఒకే కోటు వేసుకుంటారు. భాష రానిదాన్ని, ఇంక దేన్ని పట్టుకుని చెప్పను? చేతుల్ని, కళ్ళనీ పట్టుకున్నా. అటూ ఇటూ చూశాడా, దొంగ. కొంగు కింద, కోటు కింద ఏదన్నా దాచాడా, దొంగ. చేతులు తుడుచుకున్నాడా, హంతకుడు. ఆ కంత దగ్గర నేను నేర్చుకున్న చదువు ఇదే.

మా కాంపౌండు కాలవకి దగ్గర్లో ఉండేది, వెనక సందులోంచి నాలుగడుగులు వేస్తే కాలవ గట్టు. అయిదు వాటాలు, ఒక కుళాయి. ముందు పెద్ద వాటాలో ఇంటిగలావిడ. ఆవిడ నీచు ముట్టదు, కాంపౌండులో నీచు వండకూడదని ముందే చెప్పి అద్దెకిచ్చేది. కోడిగుడ్డు పెంకు చెత్తలో కనపడిందని ఒకళ్ళని వారంలో ఖాళీ చేయించింది కూడా. మేము చేపలు తినేవాళ్ళమే. మా పక్క వాటా వాళ్ళూ తినేవాళ్ళే. వాళ్ళు క్రిస్టియన్లు. ఆవిడ ఆస్పత్రిలో ఆయా, ఆవిడ భర్త చెరుకు సీజనుకి ఉయ్యూరు ఫ్యాక్టరీకి పోయి, మిగతా నెలలు ఇక్కడ రిక్షా తొక్కేవాడు. ఆదివారం తెల్ల చీర కట్టుకుని చర్చికెళ్ళేటప్పుడు ఆవిడ మా గుమ్మం ముందు ఆగి నా జడలో పువ్వు సరిచేసి పోయేది. నేను అక్కా అనేదాన్ని, ఆవిడ చెల్లీ అనేది.

పెళ్ళయిన రెండో ఏడు నేను నీళ్ళోసుకున్నాను. మూడో నెల. అన్నం చూస్తే వాంతి, పప్పు చూస్తే వాంతి. చేపల పులుసు కావాలి. మామిడికాయ వేసిన చేపల పులుసు. కలలో కూడా అదే వాసన. అక్కతో అన్నాను.

"చూలాలి కోరిక తీర్చకపోతే చుట్టుపక్కల వాళ్ళకి పాపమే పిచ్చిదానా," అంది.

"ఇంటిగలావిడకి వాసన తగిలితే?"

"తగలని రోజు చూద్దాం."

అట్టాంటి రోజు తనే కనిపెట్టింది. ఎండాకాలం, ఇంటిగలావిడ ఆవకాయ పెట్టే రోజు. పొద్దున్నే నలుగురు ఆడవాళ్ళు ముందు వాకిట్లో ముక్కలు కొట్టి, ఆవపిండి, కారం, నూనె బేసిన్లలో కలుపుతున్నారు. కాంపౌండంతా ఘాటు, అందరికీ తుమ్ములు. అక్క తలుపేసుకుని, కిరసనాయిలు స్టవ్వు మీద పులుసు పెట్టి, పైన రెండు అగరొత్తులు ముట్టించింది. "ఇవ్వాళ తిమింగలాన్ని వండినా ఎవరికీ తెలీదే" అని గోడ మీంచి గిన్నె అందించింది. నేను గుమ్మం మూసి, నిలబడే తిన్నాను. వేలు పెట్టి నాకాను. ముళ్ళు కాగితంలో చుట్టి ఆయన క్యారియర్ అడుగు గిన్నెలో పెట్టి తీసుకుపోయి హాలు బయట చెత్తకుండీలో పడేశాను. నా తెలివికి నాకే మురిపెం. మరి అక్క వాటాలో పొలుసులు, తలకాయలు, ముళ్ళు ఏమవుతాయని మాత్రం నా బుర్రకి తట్టలేదు.

ఆ రోజు కంతలోంచి చూసిన రీలు ఇప్పటికీ కళ్ళ ముందుంది. నలుపూ తెలుపూ బొమ్మ. రాతి వంతెన, ముసురు. తలకి గుడ్డ కట్టుకున్న ఒక ఆడమనిషి కోటులోంచి చిన్న పొట్లం తీసి, అటు చూసి, ఇటు చూసి, నదిలోకి విసిరేసి చేతులు తుడుచుకుంది. "ఈవిడే, ఈవిడే చంపింది" అన్నాను. ఆయన మజ్జిగ పోసుకుంటూ, "కుళాయి టైమైంది, పో" అన్నాడు.

తిరిగొచ్చి బిందె వరసలో పెట్టి వెనక గుమ్మంలో నిలబడ్డాను. అక్క కొంగు కింద ఏదో పొట్లం పట్టుకుని సందులోంచి పోతోంది. గట్టు మీద ఆగింది. అటు చూసింది, ఇటు చూసింది. కాలవలోకి విసిరేసి చేతులు కొంగుకి తుడుచుకుంది. ఆ తెర మీద బొమ్మే మళ్ళీ వేసినట్టుంది నాకు.

సాయంత్రం నాలుగింటికి గోల లేచింది. ఇంటిగలావిడ నవరత్నాల ఉంగరం లేదు. జ్వరమొచ్చి చిక్కిపోయాక ఆ ఉంగరం వేలికి వదులైతే దారం చుట్టుకుని పెట్టుకునేది. ఆ దారం కూడా నేనిచ్చిందే, చీరలకి ఫాల్ కుట్టే నీలం దారం. ఆవకాయ కలిపేముందు తీసి గూట్లో పెట్టానని ఆవిడ ఒట్టేసి చెప్తోంది. వాటాల వాళ్ళందర్నీ వాకిట్లో నిలబెట్టారు. ఎవరు లోపలికొచ్చారు, ఎవరు బయటికెళ్ళారు అని ఆవిడ మరిది అడుగుతున్నాడు. అందరూ మాకు తెలీదంటే మాకు తెలీదన్నారు.

నేను నోరు తెరిచాను.

"అక్క కాలవ వైపు పోవడం నేను చూశానండీ. కొంగు కింద ఏదో పెట్టుకుని. అటూ ఇటూ చూసింది."

ఎందుకన్నాను? ఆవిడ మీద నాకేం కోపం లేదు. ఒట్టు. అంతమందీ తెలీదంటుంటే నాకు తెలుసని చెప్పాలనిపించింది. అందరి మొహాలూ నా వైపు తిరిగాయి. చదువు రానిదాన్ని, వాటాలన్నిట్లోకి చిన్నదాన్ని, ఎప్పుడూ నా వైపు ఎవరూ తిరగలేదు. ఆ తిరగడం బాగుంది. నిజం చెప్తున్నా, ఒక్క క్షణం బాగుంది.

అక్క నన్ను చూసింది. నోరు తెరిచి ఏదో అనబోయింది. చూపు నా మొహం మీంచి కిందికి దిగి నా కడుపు మీద ఆగింది. నోరు మూసుకుంది. అప్పుడు తెలిసింది నాకు, ఆ పొట్లంలో ఏముందో. చేప అని చెప్తే తనొక్కతే కాదు, నేనూ బయటికే. మూడో నెల కడుపుతో సామాను తీసుకుని రోడ్డున పడతాను. అందుకని మూసుకుంది.

"ఏం పడేశావే కాలవలో?" అన్నాడు మరిది.

"చెత్త."

"చెత్తకి కుండీ లేదా?"

పలకలేదు. నేనూ పలకలేదు. ఒక్క మాట చాలు, "చేప ముళ్ళండీ" అంటే చాలు. నా నాలుక మీద ఆ పులుసు పులుపు ఇంకా ఉంది. అయినా పలకలేదు.

కానిస్టేబులు వచ్చాడు. నా గుమ్మం దగ్గరికొచ్చి, "నువ్వేనా చూసింది?" అన్నాడు. "ఆఁ అండీ" అన్నాను. తలుపేసుకున్నాను. అక్కని స్టేషనుకి తీసుకెళ్ళి మర్నాడు సాయంత్రం పంపించారు. ఏమీ దొరకలేదు, కేసూ పెట్టలేదు. కానీ స్టేషనుకెళ్ళొచ్చిన మనిషని ఆస్పత్రి పనిలోంచి మాన్పించారు. మూడో రోజు రిక్షాలో సామాను వేసుకుని ఉయ్యూరు వెళ్ళిపోయారు. పోయేటప్పుడు నా గుమ్మం ముందు ఆగలేదు.

మా ఆయనకి అంతా చెప్పాను. అన్నం కంచం పక్కకి జరిపేశాడు. "వెళ్ళి చెప్పు ఇంటిగలావిడకి" అన్నాడు. చెప్తాలెండి అన్నాను. ఇవ్వాళ, రేపు. ఆ తర్వాత ఆయన నన్ను మధ్య రీలు అని వెక్కిరించడం మానేశాడు. అది వెక్కిరించినదానికంటే గట్టిగా తగిలేది.

ఇంతటితో అయిపోతే తెలీక చేసిన పొరపాటు అనుకుందును. అవలేదు. మరుసటేడు, మా వాడు పుట్టి అయిదో నెల. కొత్త ఆవకాయ పెట్టేముందు పాత జాడీ కడగమని ఇంటిగలావిడ నన్ను పిలిచింది. కుళాయి దగ్గర జాడీ వంచి అడుగున చెయ్యి పెట్టి గీకుతున్నాను. ఊటలో ఏదో గట్టిగా తగిలింది. తీశాను. ఉంగరం. నేనిచ్చిన నీలం దారం కారంలో నాని ఎర్రగా అయి ఇంకా చుట్టుకునే ఉంది. గూట్లో పెట్టానని ఒట్టేసిందే గానీ, వేలికే ఉండి, నూనె చేత్తో కలుపుతుంటే జారిపోయింది.

తీసుకెళ్ళి చూపించాను. ఆవిడ మొహం పాలిపోయింది. తర్వాత తలుపు దగ్గరికి వేసి, "ఎవరికీ చెప్పకమ్మా. పరువు పోతుంది. పోయినవాళ్ళు ఎట్టాగూ పోయారు" అంది. నాకు బొట్టు పెట్టి, జాకెట్టు ముక్క చేతిలో పెట్టింది. ఆకుపచ్చది, మంచి గుడ్డ. నేను దాన్ని ముట్టుకోలేదని చెప్పాలని ఉంది. కుట్టించుకున్నాను. చిరిగేదాకా వేసుకున్నాను.

ఈ సంగతి మా ఆయనకి కూడా చెప్పలేదు.

తర్వాత మేము భవానీపురం మారాం. పాత కాంపౌండులో ఉండే ఒకావిడ బజార్లో కనపడినప్పుడల్లా చెప్పేది, వాళ్ళు ఉయ్యూరులో ఫ్యాక్టరీ అవతల ఉంటున్నారట, ఆయన పోయాడట, కొడుక్కి పెళ్ళయిందట అని. బస్సెక్కితే గంట. నాకు ముప్పై ఎనిమిదేళ్ళు పట్టింది.

పోయినేడు మా మనవరాలు టీవీకి ఏదో తగిలించింది, అప్పట్నుంచీ మధ్యాహ్నాలు ఇద్దరం కూర్చుని క్రైము సినిమాలు చూస్తున్నాం. అన్ని దేశాలవీ తెలుగులో మాట్లాడతాయి. ఇప్పుడు నాకు మొదలూ తెలుస్తోంది, చివరా తెలుస్తోంది. కొరియా వాళ్ళ సినిమాల్లో ఎప్పుడూ వానే, పోలీసులు బురదలో జారిపడుతూ ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటూ తిరుగుతారు, మనవాళ్ళలాగే. ఏదో మంచు దేశం వాళ్ళది, రెండు గంటలసేపు ఎవరూ గొంతు పెంచరు. ఊళ్ళో మనిషి చస్తే అంత నిమ్మళంగా కాఫీ ఎట్టా తాగుతారే అంటే ఇది పడీ పడీ నవ్వింది. మలయాళం పోలీసు డ్యూటీ దిగి ఇంటికెళ్ళి చేపలు కడుగుతాడు. జపాను సినిమాలో ఒక ముసలాయన, ఎవరూ అడక్కుండానే స్టేషనుకొచ్చి తలొంచుకుని కూర్చుని అంతా చెప్పేశాడు. అది చూసి నేను లేచి వంటింట్లోకి పోయాను. "ఏంటి నాయనమ్మా, భయమేసిందా?" అంది. స్టవ్వు మీద పాలున్నాయన్నాను. పాలు లేవు.

ఏ దేశమైనా, ఏ కాలమైనా, ఒక మనిషి మాత్రం మారదు. పోలీసు వచ్చి తలుపు కొడతాడు. పక్కింటావిడ తీస్తుంది. చేతికి పిండన్నా ఉంటుంది, చంకలో పిల్లన్నా ఉంటుంది. "అవునండీ, నేను చూశాను" అంటుంది. తలుపేస్తుంది. ఆవిడ మళ్ళీ సినిమాలో కనపడదు. దొంగ దొరుకుతాడు, పోలీసుకి దెబ్బలు తగులుతాయి, ఆవిడ సంగతి ఎవరికీ పట్టదు. ఆ రాత్రి ఆవిడకి అన్నం సయించిందా? నేను చూసిన ఏ సినిమా చెప్పలేదు.

మొన్న ఎండాకాలం ఇది ఏదో పాత సినిమా పెట్టింది. నలుపూ తెలుపూ. సగం అయ్యేసరికి రాతి వంతెన వచ్చింది. ముసురు. తలకి గుడ్డ కట్టుకున్న ఆడమనిషి. నా చేతిలో చిక్కుడుకాయల చేట కింద పడింది.

"ఆపే! ఇది నేను చూశాను."

"ఎప్పుడు?"

"మీ నాన్న కడుపులో ఉన్నప్పుడు."

చివరిదాకా చూశాను. ఆవిడ ఎవర్నీ చంపలేదు. భర్త బతకలేక విషం తెచ్చి దాచుకుంటే, ఆవిడకి దొరికింది. ఆయన తాగకుండా నదిలో పడేసింది. ఆ పొట్లం అదీ. ఊళ్ళో వేరే ఎవరో చస్తే ఊరంతా ఆవిణ్ణి అనుమానిస్తుంది. భర్త పరువు పోతుందని ఆవిడ నోరు విప్పదు. ఈ సంగతి ఆఖరి రీల్లో గానీ తెలీదు. ఆఖరి రీలు నడిచే టైముకి ఆ రోజు నేను బిందె పక్కన నిలబడి ఉన్నాను.

ఆయన మీద కోపమొచ్చింది, ఒక్క మాట చెప్పి ఉంటే ఏం పోయేది అని. ఆ వెంటనే సిగ్గేసింది. ఆయన ఆఖరి రీలు దాచాడు, తమాషాకి. నేను దాచిందేంటి? ఆకుపచ్చ జాకెట్టేసుకుని తిరిగాను.

మనవరాలికి అంతా చెప్పాను. అది చాలాసేపు నా మొహం చూడలేదు. తర్వాత, "ఆవిడ బతికే ఉందా?" అంది. ఉందన్నాను. "మరి లే" అంది.

ఉయ్యూరులో ఫ్యాక్టరీ దాటాక అడుగుతూ పోతే చర్చి వెనక ఇల్లు చూపించారు. అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. జుట్టంతా తెల్లబడింది, కళ్ళద్దాలు. కోడలు పక్కన కింద కూర్చుని బియ్యం ఏరుతోంది.

"అక్కా," అన్నాను.

కాసేపు చూసింది. "ఆ గొంతు... నువ్వు ఆపరేటరు పెళ్ళానివి గదూ?"

"ఆఁ అక్కా."

"బతికే ఉన్నావా?" అని నవ్వింది. "ఇన్నేళ్ళకి దొరికిందా బస్సు?"

నిలబడే చెప్పాను. కూర్చోమన్నా కూర్చోలేదు. కంత, వంతెన, నా నోటి దురద, అన్నీ. అక్క చెయ్యి ఊపేసింది. "ఆ సంగతి నేను ఎప్పుడో వదిలేశానే. చిన్నదానివి, కడుపుతో ఉన్నావు. నీ నోరు జారిందని ఆ రోజే అనుకున్నా. చేప సంగతి నువ్వెట్టా చెప్తావు, నేనే చెప్పలేదు."

అప్పుడు జాడీ సంగతి చెప్పాను.

కుర్చీలో ముందుకు వంగింది. "దొరికిందా?"

"దొరికింది అక్కా. మరుసటేడే. నా చేతికే."

"మరుసటేడే." ఆ మాట మళ్ళీ అంది. కోడలు బియ్యం ఏరడం ఆపేసింది. అక్క కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "మా ఆయన పోయేముందు, ఇదే అరుగు మీద, నా చెయ్యి పట్టుకుని అడిగాడే. ఇప్పుడన్నా నిజం చెప్పు, తీశావా అని. తీసుంటే నేనేమీ అనుకోను, మనకి జరగని రోజులు అవి అన్నాడు. నమ్మాలని చూసి నమ్మలేకపోయాడు. ఇరవయ్యేళ్ళు కాపురం చేశాం ఆ ఉంగరం మధ్యలో పెట్టుకుని. అప్పటికే అది దొరికి ఉందా?"

అవునని తలూపాను.

"ముళ్ళ సంగతి వదిలేశా గానీ, ఇది వదలను," అంది. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"ఏం చెయ్యమంటావు అక్కా?"

"నలుగురిలో అన్నావు గదా. నలుగురిలో చెప్పు."

కోడల్ని పంపించి పక్కిళ్ళ వాళ్ళని పిలిపించింది, షాపు నుంచి కొడుకుని పిలిపించింది. ఎనిమిది మందో తొమ్మిది మందో అరుగు కింద నిలబడ్డారు. ఆ రోజు వాకిట్లో లాగే అందరి మొహాలూ నా వైపు తిరిగాయి. ఈసారి బాగాలేదు. చెప్పాను. నా బొంగురు గొంతుతోనే, వీధికి వినపడేట్టు. కొడుకు గోడకి ఆనుకుని విన్నాడు, ఒక్క మాట అనకుండా లోపలికెళ్ళి వాళ్ళ నాన్న ఫొటో దుమ్ము తుడిచాడు.

"మరి ఆ వాటాల వాళ్ళకి ఎవరు చెప్తారు?" అంది అక్క. "ఆస్పత్రిలో వాళ్ళకి?"

"కాంపౌండు లేదక్కా. అక్కడా గోడౌనే కట్టారు. ఇంటిగలావిడ పోయింది."

"వాళ్ళ పిల్లలు ఎక్కడో చోట ఉంటారు గదా."

అప్పుడు మనవరాలు అంది, "నేను రాస్తానండి అమ్మమ్మగారూ. మా నాయనమ్మ చెప్తుంది, నేను రాస్తాను. చదివేవాళ్ళు చదువుతారు." అక్క దాన్ని ఎగాదిగా చూసింది. "ఇది మీవాడి కూతురా? ఆ కడుపులో వాడి కూతురా?" అని, దగ్గరికి రమ్మని, దాని జడలో వంకరగా ఉన్న పువ్వు సరిచేసింది.

అందుకే ఇదంతా రాయడం. ఆ రోజు ఆ కాంపౌండులో ఉన్నవాళ్ళు గానీ, వాళ్ళ పిల్లలు గానీ చదివితే, మా అక్క ఉంగరం తియ్యలేదు. ఉంగరం ఆవకాయ జాడీలో ఉంది. అక్క కాలవలో పడేసింది చేప ముళ్ళు. ఆ చేప వండింది నా కోసం. తిన్నది నేను. చెప్పనిదీ నేనే.

బయల్దేరేటప్పుడు కోడలు టీ ఇచ్చింది. తాగాను. క్షమించానని అక్క అనలేదు, నేనూ అడగలేదు. గుమ్మం దిగి చెప్పులేసుకుంటుంటే వెనకనుంచి పిలిచింది.

"ఇంతకీ ఆ పులుసు ఎట్టా ఉందో నువ్వు చెప్పనేలేదే."

"పులుపెక్కువైందక్కా."

"మామిడికాయ అట్టాంటిది పడింది," అంది. "నాకూ తెలుసు."